బాబుకా... పాపకా?

"బాబుకా, పాపకా అమ్మా?"

శ్రీరామనవమికి భద్రాచలం వచ్చి బొమ్మల కొట్టు ముందు నిలబడిన ఏ తల్లికైనా ఈ ప్రశ్న తప్పదు. ఏ బొమ్మ కావాలో మనం చెప్పకముందే, బేరం మొదలుపెట్టకముందే కొట్టతను అడిగే మాట ఇది. బాబుకని చెప్పామా, అతని చెయ్యి ఒక పక్కకి పోతుంది. అటు తుపాకులు, టిప్పర్లు, జేసీబీలు, రాములవారి ఊరు కదా, ప్లాస్టిక్ విల్లంబులు. పాపకంటే చెయ్యి రెండో పక్కకి తిరుగుతుంది. అటు గులాబీ రంగు గ్యాస్ పొయ్యి, బుల్లి గిన్నెలు, పడుకోబెడితే కళ్లు మూసుకునే పాప బొమ్మలు. మధ్యలో బారెడు జాగా. ఆ బారెడు దాటడం ఎంత కష్టమో 2022లో నాకు తెలిసొచ్చింది.

అంతకు ముందు రెండేళ్లూ, 2020లోనూ 2021లోనూ, కరోనా వల్ల సీతారాముల కల్యాణం భక్తులు లేకుండానే జరిగింది. 2022 ఏప్రిల్ 10న మళ్లీ మిథిలా స్టేడియం కిటకిటలాడింది. దారి పొడుగునా కొట్లే కొట్లు. ఊహ తెలిశాక మా చిన్నోడు చూసిన మొదటి తిరునాళ్లు అది. వాడికప్పుడు నాలుగేళ్లు. నా చెయ్యి విడిపించుకుని తిన్నగా వెళ్లి ఆ కళ్లు మూసుకునే పాపని ఎత్తుకున్నాడు. మెడ కింద చెయ్యి పెట్టి, భుజానికి ఆనించుకుని మరీ!

"బాబుకి లారీ చూపించనా అమ్మా?" అన్నాడు కొట్టతను నవ్వుతూ.

నేనేం చెప్పానో తెలుసా? "వీడికి కాదండీ, మా చెల్లెలి కూతురికి" అన్నాను. మా చెల్లెలికి కూతురే లేదు! డిగ్రీ చదువుకున్నదాన్ని. ఆడపిల్లల కష్టాల మీద నాలుగు కథలు రాసి అచ్చులో పేరు చూసుకుని మురిసినదాన్ని. నూటయాభై రూపాయల బొమ్మ దగ్గర, ముఖం తెలియని మనిషి ముందు, అబద్ధమాడాను. ఎందుకైనా మంచిదని పక్కనున్న టిప్పరు కూడా కొన్నాను.

లారీలో ఉయ్యాల

ఇంటికొచ్చాక ఆ రెండు బొమ్మలతో వీడేం చేస్తాడా అని వంటింట్లోంచి చూస్తూ ఉన్నాను. టిప్పరు వెనక తొట్టిలో నా పాత జాకెట్టు గుడ్డ పరిచాడు. అందులో పాపని పడుకోబెట్టి, బండిని ముందుకీ వెనక్కీ లాగుతూ 'జోజో' అన్నాడు. కొట్టులో బారెడు దూరంలో ఉన్న రెండు బొమ్మలు మా ఇంట్లో పది నిమిషాల్లో ఒక్కటైపోయాయి.

మరోరోజు లారీకి జ్వరమొచ్చింది. పాపే డాక్టరు. సారపాక పేపరు మిల్లుకి కర్ర తోలే పెద్ద లారీలు మా ఊరి రోడ్డు మీద ఎప్పుడూ పోతుంటాయి కదా, అన్ని మైళ్లు తిరిగిందని దానికి ఒళ్లునొప్పులట! ఇంకోరోజు వీడే అమ్మ. నా చున్నీ నడుముకి చుట్టుకుని, ఒక చంకలో పాప, ఇంకో చేతిలో గరిట. "పొద్దున్నించీ చస్తున్నా, ఒక్కళ్లూ నా మాట వినరు" అంటూ నన్ను అచ్చు దించేశాడు. నవ్వాపుకోలేకపోయాను. కాస్త సిగ్గు కూడా వేసిందనుకోండి.

రెండేళ్ల ప్రాయంలోనే పిల్లలు ఈ 'ఉత్తుత్తి' ఆట మొదలుపెడతారు. పుల్ల గుర్రమవుతుంది, అగ్గిపెట్టె బస్సవుతుంది. తర్వాత తామే ఇంకొకరవుతారు. అమ్మ, నాన్న, టీచరమ్మ, కండక్టరు, పులి. ఇంకొకరి చెప్పుల్లో కాళ్లు దూర్చి నాలుగడుగులు వేసి చూడటమన్నమాట. అవతలివాళ్లకి ఆకలేస్తుంది, నొప్పేస్తుంది, భయమేస్తుంది అని పిల్లలకి బోధపడేది ఇలాంటి ఆటల్లోనే.

మన అడవి పక్క ఊళ్లకి వెళితే కొన్న బొమ్మలు తక్కువ, ఆటలు ఎక్కువ. మోదుగాకులో మట్టి అన్నం, వెదురు బద్ద చివర తాటికాయ చక్రాల బండి. కోయల పండగల్లో మగవాళ్లు అడవిదున్న కొమ్ములు తలకి పెట్టుకుని డోళ్లు వాయిస్తూ కొమ్ము నాట్యం ఆడతారు. ఆడవాళ్లు చేతులు కలిపి వరసకట్టి రేల ఆడతారు. ఒకసారి దుమ్ముగూడెం వైపు ఒక ఊళ్లో పిల్లలు ఇదే ఆట ఆడుతుంటే చూశాను. రెండు ఎండుకొమ్మలు తలగుడ్డలో దోపుకుని అందరికంటే గట్టిగా రంకెలేస్తున్న దున్నపోతు ఎవరనుకున్నారు? ముక్కు కారుతున్న ఐదేళ్ల ఆడపిల్ల! పెద్దవాళ్ల ఆటలో ఎవరి వరస వాళ్లకుంది. పిల్లల ఆటలో ఎవరికి కొమ్మలు దొరికితే వాళ్లే దున్న.

అటకెక్కిన పాప

వేసవి సెలవులకి మా మరిది వచ్చాడు. చిన్నోడు పాపకి స్నానం చేయిస్తుంటే చూసి, "ఏంది వదినా, వీణ్ణి ఆడపిల్లని చేస్తున్నవా? రేపు బళ్లో ఆడంగోడని ఏడిపిస్తరు" అన్నాడు. మంచివాడే. అన్న కొడుకంటే ప్రాణం. ఆ ప్రేమతోనే అన్నాడు.

"నిజమేనమ్మా, మగపిల్లోడికి ఆ బొమ్మెందుకు? తీసి అవతల పెట్టు. నలుగురూ చూస్తే బాగోదు" అంది మా అత్తమ్మ. మావారు పేపర్లోంచి తలెత్తలేదు.

ఆ రాత్రి వాడు నిద్రపోయాక బొమ్మని ప్లాస్టిక్ సంచిలో చుట్టి అటకెక్కించాను. పొద్దున్నే "పాప వాళ్లమ్మ దగ్గరికి వెళ్లిపోయింది నాన్నా" అన్నాను. రెండో అబద్ధం. వాడు ఇల్లంతా వెతికాడు. ఏడ్చాడు. "నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదంటారురా. మగపిల్లలు ఏడుస్తారా?" అని మరిది నవ్వించబోయాడు. చిన్నప్పట్నించీ మనమంతా విన్న సామెతే. ఎన్నిసార్లు విన్నా, ఆ సామెత నాలుగేళ్ల పిల్లాడికి కూడా వర్తిస్తుందని నాకు అంతకు ముందు తట్టలేదు.

రెండ్రోజుల్లో మానేశాడు. హమ్మయ్య అనుకున్నాను. వారం తర్వాత తలుపు చాటున వాడి గొంతు వినపడి ఆగాను. తన గుడ్డ ఏనుగుతో మాట్లాడుతున్నాడు. "ఏడవకు. మగాళ్లు ఏడవకూడదు. ఏడిస్తే అమ్మ నిన్ను కూడా తీసేస్తది."

అప్పుడైనా అటక మీంచి బొమ్మ దించానా? లేదు. ఇప్పుడు దించితే అత్తమ్మ ఏమనుకుంటుందో అని ఊరుకున్నాను. దించడానికి గోదావరి రావాల్సి వచ్చింది.

వరద ఆట

భద్రాచలం వాళ్లకి కొన్ని అంకెలు నోటికొచ్చు. గోదావరి 43 అడుగులకొస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులై 16న నీటిమట్టం 71.3 అడుగులు. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత నీరు మళ్లీ ఈ ఊరు చూడలేదు. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. లోతట్టు కాలనీల్లో ఇళ్లు మునిగాయి. జనాన్ని పునరావాస కేంద్రాలకి తరలించారు. మా ఇల్లు మెరక మీద కాబట్టి బతికిపోయాం. మా వీధి ఆడవాళ్లం కలిసి పులిహోర చేసి, ఒక బడిలో పెట్టిన కేంద్రానికి పట్టుకెళ్లాం. ఇంట్లో ఒంటరిగా ఉండనని చిన్నోడు నా కొంగు పట్టుకుని వచ్చాడు.

వరండాలో పెద్దవాళ్లు గోడలకి చేరగిలబడి ఉన్నారు. మాటల్లేవు. ఆ మూల మాత్రం పిల్లలు ఒక బెంచీని తిరగేసి పడవ చేశారు. ఏడెనిమిదేళ్ల పిల్ల తలకి తువ్వాలు చుట్టి, చెక్క స్కేలు తెడ్డు పట్టుకుని అరుస్తోంది. "ఎక్కండెక్కండి! ముసలోళ్లు ముందు! సామాన్లు వద్దు!" ఒకడు నోటితో సైరన్ మోగిస్తున్నాడు. "మూడో ప్రమాద హెచ్చరిక!" అని ఇంకొకడు కేకలు. పడవ మధ్యలో మావాడి వయసు పిల్లాడు తువ్వాలుని మడిచి పాపలా చుట్టి గుండెకి అదుముకుని కూర్చున్నాడు. "మెల్లగ నడుపక్కా, పాప పండుకుంది" అంటున్నాడు.

మావాడు దగ్గరికెళ్లి చాలాసేపు నిలబడి చూశాడు. తర్వాత అడిగాడు. "మీ పాప ఏడుస్తదా?"

"నీళ్లొస్తే ఏడ్వదా మరి?"

"మగాళ్లు ఏడవకూడదు."

ఆ పిల్లాడు వింతగా చూశాడు. "మా నాన ఏడ్చిండు. ఇల్లు మునిగిందని" అన్నాడు మామూలుగా. మళ్లీ పాపని తట్టడం మొదలుపెట్టాడు. మావాడు ఇంకేం మాట్లాడకుండా పడవెక్కి వాడి పక్కన కూర్చున్నాడు.

పులిహోర గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. పడవ నడిపేది ఆడపిల్ల, పాపని ఎత్తుకున్నది మగపిల్లాడు. ఆ వరండాలో పాతికమంది పెద్దవాళ్లున్నా ఎవరూ 'ఇదేం ఆట' అనలేదు. అనే ఓపిక ఎవరికీ లేదు. మూడ్రోజులుగా తాము చూసిందంతా ఆ పిల్లలు మళ్లీ ఆడుకుంటున్నారు. తేడా ఒక్కటే. ఈ ఆటలో పడవ ఎటు పోవాలో వాళ్లే చెబుతారు. భయాన్ని కాస్త చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి పిల్లలకున్న దారి అదే.

ఆ రాత్రి పడుకోబోతూ చిన్నోడు అడిగాడు. "అమ్మా, అటక ఎత్తుగా ఉంటది కదా? నీళ్లొచ్చినా పాప మునగదు కదా?"

వాడికి ముందు నుంచీ తెలుసు! తెలిసి కూడా రెండు నెలలు అడగలేదు.

నేను లేచేలోపే మావారు స్టూలు తెచ్చి వేశారు. దుమ్ము పట్టిన సంచి దించితే, బొమ్మని తీసి కొంగుతో తుడిచింది ఎవరో కాదు, మా అత్తమ్మ. తుడుస్తూ తుడుస్తూ ఏదో గుర్తొచ్చినట్టు చెప్పింది. వాళ్లది చర్ల వైపు అడవి పక్క పల్లె. "ఎండాకాలం మా అమ్మ తెల్లారకముందే తునికాకు కోయను అడవికి పొయ్యేది. యాభై ఆకులకి ఒక కట్ట. పొద్దెక్కిందాకా వచ్చేది కాదు. పాలు తాగే తమ్ముణ్ణి మా నాయనే ఉయ్యాల ఊపేటోడు, గంజి తాగిచ్చేటోడు. మరి ఆయన్ని ఎవరూ ఏమనలే..." అని ఆగింది. ఆ సంగతి ఆవిడకి ఎప్పుడూ తెలుసు. మొన్న వేసవిలో గుర్తు రాలేదంతే.

ఎవరి బొమ్మ ఎవరిది?

ఈ గీతలు ఎవరు గీశారు? బొమ్మలు అమ్మే కంపెనీలేనా? మన పాత బొమ్మల్నీ ఒకసారి చూడండి. తెల్లపొణికి చెక్కతో చేసే కొండపల్లి బొమ్మలు ఎంత ముచ్చటగా ఉంటాయి! వాటిలో చల్ల చిలికేది ఆడబొమ్మ, వడ్లు దంచేది ఆడబొమ్మ. తాడిచెట్టెక్కేది మగబొమ్మ, నాగలి పట్టేది మగబొమ్మ. ఊళ్లో ఎలా ఉందో అలాగే చెక్కారు, తప్పేం లేదు. కానీ వాటితో ఆడుకున్న పిల్లలకి ఎవరి పని ఏదో నోటితో చెప్పకుండానే తెలిసిపోతుంది. లక్కపిడతలు, బొమ్మల పెళ్లిళ్లు, బొమ్మల కొలువులు ఆడపిల్లల ఖాతాలో పడ్డాయి. గోళీలు, బొంగరాలు మగపిల్లల ఖాతాలో.

1975లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు ఒక తమాషా చేశారు. మూడు నెలల పసిబిడ్డకి పసుపు బట్టలు తొడిగి, కొందరికి అది ఆడపిల్లని, కొందరికి మగపిల్లాడని చెప్పి ఆడించమన్నారు. గదిలో ఒక బంతి, ఒక పాప బొమ్మ, ఒక రింగు పెట్టారు. బిడ్డ ఒక్కతే. ఆడపిల్లని చెప్పినప్పుడు మాత్రం పెద్దవాళ్ల చెయ్యి పాప బొమ్మ మీదికి ఎక్కువగా వెళ్లింది. ఏమీ చెప్పకుండా ఇచ్చినప్పుడు ఆ బిడ్డ పట్టునో మెత్తదనాన్నో చూసి తామే ఏదో ఒకటి ఊహించుకున్నారు. మన తిరునాళ్ల కొట్టతని చెయ్యి కూడా అలాగే వెళ్లింది. అతన్ననుకుని లాభమేముంది?

గులాబీ రంగు ఆడపిల్లలది, నీలం మగపిల్లలది అని ఇప్పుడు ఉయ్యాల దగ్గర్నించే మొదలవుతోంది. 1918లో ఒక అమెరికన్ వ్యాపార పత్రిక సరిగ్గా దీనికి తిరగేసి రాసింది. గులాబీ గట్టి రంగు కాబట్టి మగపిల్లలకట, నీలం సుకుమారం కాబట్టి ఆడపిల్లలకట! అంటే ఇది ప్రకృతి పెట్టిన నియమమేమీ కాదన్నమాట. ఆ దేశంలోనే కాలిఫోర్నియా రాష్ట్రం 2021లో ఒక చట్టం చేసింది. పెద్ద పెద్ద దుకాణాల్లో బాబూ పాపా అనే తేడా లేకుండా బొమ్మలు పెట్టే చోటు ఒకటి ఉండాలని. అది 2024 జనవరి నుంచి అమల్లోకొచ్చింది. మనకి చట్టమెందుకు? ఇంట్లో ఒక చాప పరిచి అన్ని బొమ్మలూ కలిపి పోస్తే చాలదూ!

అమ్మాయి లారీ తోలితే ముచ్చట, అబ్బాయి పాపనెత్తుకుంటే ముప్పా?

ఇక్కడే నన్ను నేను గట్టిగా అడుక్కోవలసి వచ్చింది. మా ఎదురింటి పాప టిప్పరు తోలుతుంటే 'మగరాయుడు' అని మురిపెంగానే అంటాం. అసలు కాలం కూడా ఆ పిల్లవైపే నడుస్తోంది. కొత్తగూడెం, ఇల్లందు వైపు బొగ్గుగనుల సంగతే తీసుకోండి. 1952 గనుల చట్టంలో ఆడవాళ్లని భూగర్భంలో పనికి పెట్టకూడదనే నిబంధన ఉండేది. 2019లో కేంద్రం ఆ నిబంధనని సడలించి, పగటి పూట సాంకేతిక, పర్యవేక్షణ పనులకి దిగనిచ్చింది. లారీతో ఆడిన పిల్లకి ఒక తలుపు తెరుచుకుంది. మరి బొమ్మతో ఆడిన పిల్లాడికి?

ఆడపిల్ల మగవాళ్ల పని చేస్తే ఒక మెట్టు ఎక్కినట్టు, మగపిల్లాడు ఆడవాళ్ల పని చేస్తే ఒక మెట్టు దిగినట్టు మన మనసులో లెక్క. అంటే పాపని ఎత్తుకోవడం, అన్నం పెట్టడం, జోకొట్టడం తక్కువ పనులని రోజంతా ఆ పనే చేసే మనమే ఒప్పుకున్నట్టు కాదూ?

పోనీ మగవాళ్లు ఆడవేషం వేయడం మనకి కొత్తా? స్థానం నరసింహారావుగారు సత్యభామగా రంగం మీదికొస్తే ఆడవాళ్లే ఆ నడక చూసి ముక్కున వేలేసుకునేవారట. 1956లో ఆయనకి పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మగారి భామాకలాపానికి తెలుగునేలంతా చప్పట్లు కొట్టింది. ఆ ఊళ్లో తరాల తరబడి మగవాళ్లే భామలు. రంగస్థలం మీద శాలువా కప్పి, ఇంట్లో చున్నీ చుట్టుకున్న నాలుగేళ్లవాణ్ణి కసురుతామా?

లోపల ఇంకో భయం ఉంది. పైకి అనం గానీ అందరికీ ఉంది. ఇలా ఆడితే రేపు వీడు 'అలా' అయిపోతాడేమోనని. బొమ్మ ఏ పిల్లాణ్ణీ ఆడపిల్లగా మార్చదు. ఈ వయసులో మగపిల్లలు బొమ్మలాడటం, చీర చుట్టుకోవడం మామూలు విషయం. ఎవరో ఒక బిడ్డ పెద్దయ్యాక మనమనుకున్న దానికంటే వేరుగా ఉంటే, ఆ కారణం బొమ్మలో ఉండదు. తిట్టినంత మాత్రాన మారేదీ కాదు. తిడితే ఆ బిడ్డ నేర్చుకునేది ఒక్కటే, మన దగ్గర దాచడం. మావాడు రెండు నెలలు దాచాడు చూశారూ, అలాగ.

మరి ఆడనివ్వకపోతే పోయేదేమిటి? 2024లో కేంద్ర ప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపనుల్లో పాలుపంచుకున్న ఆడవాళ్లు రోజుకి సగటున 289 నిమిషాలు వాటికే వెచ్చిస్తున్నారు. అదే మగవాళ్లు 88 నిమిషాలు. అసలు ఆ పనుల జోలికే పోని మగవాళ్లు ఈ లెక్కలోకి రారు. 'మావారికి పిల్లాణ్ణి పట్టుకోవడం కూడా రాదు' అని మనమంతా ఎక్కడో ఒకచోట వాపోయినవాళ్లమే. ఎలా వస్తుంది? నాలుగేళ్లప్పుడు వాళ్ల చేతిలోంచి బొమ్మ లాగేసిందీ మనలాంటి అమ్మలేగా!

మనం చేయగలిగింది

పెద్ద పెద్ద మార్పులేం అక్కర్లేదు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో తొలి బాలల గృహం తెరిచినప్పుడు పిల్లలందరిచేతా నీళ్లు వంపించింది, ఊడిపించింది, గుండీలు పెట్టించింది. ఆడా మగా తేడా లేదు. 1939లో మద్రాసు వచ్చి మనవాళ్లకీ ఆ పద్ధతి నేర్పింది. ఆ పని మన వంటింట్లోనూ అవుతుంది.

ఇద్దరు పిల్లలుంటే బొమ్మలకి వేర్వేరు డబ్బాలు పెట్టకండి. ఆటలో ఎవరు అమ్మో ఎవరు నాన్నో పిల్లల్నే తేల్చుకోనివ్వండి. నాలుగైదేళ్లప్పుడు పిల్లలే 'ఇది ఆడవాళ్లది, అది మగవాళ్లది' అని పట్టుదలగా అంటారు. కంగారుపడకండి, చాలామందిలో ఆ పట్టు తర్వాత సడలుతుంది. "అలాగా? మరి తాతయ్య కాఫీ పెడతారు కదా?" అని ఒక్క మాట అడిగి ఊరుకోండి. చుట్టాలెవరైనా వెక్కిరిస్తే బిడ్డ ముందే మెల్లగా జవాబు చెప్పండి. "వాడు నాన్న ఆట ఆడుతున్నాడు" అంటే చాలు. బిడ్డకి కావలసింది ఆ వాదంలో మనం గెలవడం కాదు, తన పక్కన ఉండటం. బొమ్మ తీసేయాల్సి వస్తే నిజం చెప్పి తీయండి. పిల్లలకి అటక సంగతి తెలుసు.

మావాడికి ఇప్పుడు బొమ్మల మీద మోజు పోయింది. బ్యాటూ బంతీ తప్ప వేరే లోకం లేదు. ఆ పాప కళ్లు ఇప్పుడు పూర్తిగా మూసుకోవు. ఒక చెయ్యి ఊడింది. అటక మీద కాకుండా అద్దాల బీరువాలో కూర్చుంది.

ఆ మధ్య మా మరిదికి ఆడపిల్ల పుట్టింది. పదకొండో రోజుకి మేమంతా వెళ్లాం. బిడ్డ ఏడుస్తోంది. మా తోటికోడలు స్నానానికి వెళ్లింది. మరిది మంచం చుట్టూ తిరుగుతున్నాడు గానీ చెయ్యి వెయ్యడానికి భయం. "వదినా, నువ్వు పట్టుకో, నా చేతుల్లోంచి జారిపోద్ది" అంటున్నాడు. నేను చెంబు కింద పెట్టి వచ్చేలోపు మా చిన్నోడు మంచమెక్కి బాసింపట్టు వేసుక్కూర్చున్నాడు.

"భయపడకు బాబాయ్. మెడ కింద చెయ్యి పెట్టాలి. ఇట్లా. ఇప్పుడు భుజానికి ఆనించుకో" అని వేళ్లతో చూపించాడు.

మరిది వాడు చెప్పినట్టే చేశాడు. బిడ్డ ఏడుపాపింది. కూతుర్ని భుజానేసుకుని ఆ మగాడు కళ్లు తుడుచుకుంటుంటే, సామెత మాత్రం మాలో ఎవరికీ గుర్తు రాలేదు.